తండ్రి ఆస్తి, పీఎఫ్, ఫ్యామిలీ పెన్షన్: పన్ను ఎక్కడుంది, ఎక్కడ లేదు

ఇంటి పెద్ద పోయిన కుటుంబాలు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆస్తి మా పేరుకి మార్చుకుంటే ఎంత ఇన్‌కమ్ ట్యాక్స్ పడుతుందండీ?" ఏమీ పడదు. చనిపోయినవారి ఆస్తి మీద వేసే పన్నైన ఎస్టేట్ డ్యూటీని మన దేశంలో 1985లోనే ఎత్తేశారు. వారసత్వంగా వచ్చినా, వీలునామా ద్వారా వచ్చినా, ఆ ఇల్లు, బంగారం, డిపాజిట్లు ఎంత విలువైనవైనా తీసుకున్నవారికి ఆదాయం కాదు. ఆ పన్ను మళ్లీ వచ్చేసిందని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లను దయచేసి నమ్మకండి.

డబ్బు పోయేది తర్వాత, అమ్మేటప్పుడు.

అపోహ: నాన్నగారి ఆస్తి కాబట్టి అమ్మినా పన్ను ఉండదు. లేదా, మేం కొన్నది కాదు కాబట్టి వచ్చిందంతా లాభమే.

వాస్తవం: రెండూ తప్పే. అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను, అంటే అమ్మకంలో వచ్చిన లాభం మీద పన్ను ఉంది. కానీ మీ కొనుగోలు ధర సున్నా కాదు, నాన్నగారు కొన్న ధరే మీ ధర. ఆయనకు అది తాతగారి నుంచి వచ్చి ఉంటే, డబ్బు పెట్టి కొన్న మనిషి దాకా వెనక్కి వెళ్లాలి. ఆస్తి వాళ్ల చేతిలో ఉన్న కాలం కూడా మీకు కలుస్తుంది. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ రోజు మార్కెట్ విలువ తీసుకోవచ్చు, అయితే అది ఆ నాటి సబ్‌రిజిస్ట్రార్ విలువను దాటకూడదు. తర్వాత వేయించిన పై అంతస్తు ఖర్చూ కలుపుకోవచ్చు, బిల్లులు ఉండాలి.

లెక్క చూడండి. 1988లో కొన్న ఇల్లు, 2001 నాటి విలువ 12 లక్షలు, 2025-26లో 60 లక్షలకు అమ్మారు. ధర సున్నా అని వేస్తే 12.5 శాతం చొప్పున పన్ను 7.5 లక్షలు. 12 లక్షలు తీసేస్తే 6 లక్షలు. 2024 జులై 23కి ముందు కొన్న స్థలం, ఇంటికి ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలను బట్టి కొన్న ధరను పెంచుకుని) 20 శాతం లెక్క కూడా వేసుకుని, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. ఇందుకు వాడే ధరల సూచీ 100 నుంచి 376కి పెరిగింది కాబట్టి 12 లక్షలు 45.12 లక్షలవుతాయి, పన్ను 2.98 లక్షలకు దిగుతుంది (సెస్ అదనం). అందుకే బేరం కుదిరే ముందే పాత దస్తావేజు నకలు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), 2001 నాటి విలువ సర్టిఫికెట్ తీసి పెట్టుకోండి. రిటర్న్ గడువు ముంచుకొచ్చాక వీటికోసం తిరగడం నరకం.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలకు ఈ 20 శాతం వెసులుబాటు లేదు, నివాసితులకే. పైగా వాళ్ల వాటాకి చెల్లించే మొత్తం మీద కొనేవాళ్లు టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోయాలి. రిజిస్ట్రేషన్‌కు ముందే తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టకపోతే పెద్ద మొత్తం రీఫండ్ వచ్చేదాకా ఇరుక్కుంటుంది.

ఉద్యోగం తాలూకు సొమ్ము సంగతి తేలికే, అయినా చాలామంది వణికిపోతుంటారు. మరణించిన ఉద్యోగి పీఎఫ్‌కు ఐదేళ్ల సర్వీసు నిండలేదని పన్ను పడదు. గ్రాట్యుటీకీ మరణంలో ఐదేళ్ల షరతు లేదు, ప్రైవేటు ఉద్యోగికి 20 లక్షల వరకు మినహాయింపు. వారసులకిచ్చే లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్‌కు (వాడని సెలవులకు ఇచ్చే డబ్బు) పన్ను లేదు. పీఎఫ్‌తో పాటు ఈడీఎల్ఐ అనే, పీఎఫ్ సభ్యుల జీవిత బీమా గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. ఇది అడగనే అడగని కుటుంబాలున్నాయి, అడగండి.

పన్ను పడేది ఫ్యామిలీ పెన్షన్‌కే. దాన్ని జీతం కింద చూపించి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటున్నారు, అది చెల్లదు. ఇతర ఆదాయం కింద చూపాలి. కొత్త పన్ను విధానంలో పెన్షన్‌లో మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అది తగ్గుతుంది.

నామినీ ఆ సొమ్ము అందుకునే మనిషి మాత్రమే. బ్యాంకు డిపాజిట్‌లోనైనా, షేర్లలోనైనా హక్కు వారసులదే.

చివరగా, మరణించిన తేదీ వరకు వచ్చిన ఆదాయానికి ఆయన పాన్ మీదే రిటర్న్ వేయాలి, పోర్టల్‌లో చట్టబద్ధ వారసుడిగా నమోదై. ఆ పని, రీఫండ్ రెండూ పూర్తయ్యేదాకా ఆ పాన్‌ను సరెండర్ చేయకండి.