కంపెనీ కాలం ఫిరంగులు: అపోహలు - వాస్తవాలు

నేను ఫిరంగి దళంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు గోల్కొండ కోట చూడటానికి వచ్చేవాళ్లకు అక్కడి ఫిరంగుల గురించి చెబుతుంటాను. అందరి నోటా దాదాపు ఇవే మాటలు వింటాను.

అపోహ: తెల్లవాళ్ల దగ్గర మంచి ఫిరంగులున్నాయి, మనవాళ్ల దగ్గర లేవు. అందుకే ఓడిపోయాం.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. 1803 సెప్టెంబరు 23న, ఇప్పటి మహారాష్ట్ర జాల్నా జిల్లాలోని అసయే దగ్గర, మరాఠా పాలకులైన సింధియా, భోంస్లేల సైన్యం వంద దాకా ఫిరంగులను బారులు తీర్చింది. ఎదురుగా ఈస్టిండియా కంపెనీ సేనాని ఆర్థర్ వెల్లస్లీ. అతని ఫిరంగులు ఎంతోసేపు నిలవలేదు. వాటిని లాగే ఎద్దులు మరాఠా గుండ్లకు కూలిపోయాయి. చేసేది లేక వాటిని వెనకే వదిలేసి, కాల్బలాన్ని బాయ్‌నెట్లతో (తుపాకీ కొనకు బిగించే కత్తులతో) ముందుకు నడిపించాడు. మరాఠా గోలందాజులు (ఫిరంగులు పేల్చేవాళ్లు) కొందరు చచ్చిపోయినట్టు నటిస్తూ ఫిరంగుల కిందే పడుకుని, శత్రువు దాటి వెళ్లగానే లేచి వెనక నుంచి కాల్చారు. ఆ ధైర్యం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కంపెనీ వైపు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి దాదాపు 1,600 మంది. చేజిక్కిన 98 ఫిరంగుల్లో మంచివి తన సైన్యానికే పనికొస్తాయని వెల్లస్లీ రాశాడు.

మరి ఎందుకు ఓడారు? సింధియా కొలువులోని బ్రిటిష్ అధికారులు కొందరు యుద్ధానికి ముందే కంపెనీ వైపు వెళ్లిపోయారు. అంత పెద్ద మరాఠా గుర్రపు దళం కాల్బలానికి అండగా కదల్లేదు. లోపం ఫిరంగిలో లేదు.

అపోహ: గుండు పడగానే సినిమాల్లోలాగా పేలుతుంది.

వాస్తవం: ఎక్కువగా వాడింది గట్టి ఇనప గుండు. అది పేలదు. ఆరు పౌన్ల గుండు బత్తాయి అంత ఉంటుంది, బరువు 2.7 కిలోలు. నేలకు తగిలి ఎగిరెగిరి పడుతూ వరసలోని మనుషులను కూల్చేస్తుంది. మెల్లగా దొర్లుతోంది కదా అని కాలు అడ్డం పెడితే ఆ కాలు పోయినట్టే. శత్రువు దగ్గరికొస్తే రేకు డబ్బాలో చిన్న గుళ్లు కూరి కాల్చేవారు.

కాల్చడం కన్నా మళ్లీ మందు కూరడమే కష్టం. గొట్టంలో నిప్పురవ్వ మిగలకుండా ఒకడు తడి కుంచెతో తుడవాలి. నిప్పంటించే వెనక రంధ్రాన్ని, లోపలికి గాలి పోకుండా, ఇంకొకడు బొటనవేలితో మూసి ఉంచాలి. ఆ వేలు ఒక్క క్షణం జారితే ముందు నిలబడ్డవాడి చేతులు పోవచ్చు. ఒకరి ప్రాణం ఇంకొకరి చేతిలో ఉండటమంటే ఏమిటో గన్ దగ్గర పనిచేసిన నాకు తెలుసు.

అపోహ: ఫిరంగుల ముందు మట్టికోట ఎంతసేపు?

వాస్తవం: రాతిగోడ పగిలి రాలుతుంది, మట్టిగోడ గుండును మింగేస్తుంది. 1805లో కంపెనీ సేనాని జనరల్ లేక్, ఇప్పటి రాజస్థాన్‌లోని భరత్‌పూర్ మట్టికోట మీద నాలుగుసార్లు దాడి చేసి నాలుగుసార్లూ వెనుదిరిగాడు. 1825 డిసెంబరులో కంపెనీ సైన్యం భారీ ఫిరంగులతో మళ్లీ వచ్చింది. అప్పుడు కూడా గోడ కింద సొరంగం తవ్వి, మందుపాతర పేల్చాకే లోపలికి వెళ్లగలిగింది.