బోరులో గోలీసోడా

పటమట నుంచి ఒక పాఠకురాలు రాశారు: "మా వీధిలో కార్పొరేషన్ బోరు ఇరవై ఏళ్ల నాటిది. వేసవి రాగానే మోటారు గాలి లాగుతోంది. జల ఎండిపోయింది, కొత్తది వేయించుకోవాలంటున్నారు. నిజంగా ఎండిపోయినట్టేనా అండీ?"

ఎంత మంచి ప్రశ్న! చాలాసార్లు భూమిలో నీళ్లు ఉంటాయి. అవి బోరులోకి వచ్చే దారే పూడిపోయి ఉంటుంది. ఆ పూడిక ఎలా పుడుతుందో తెలియాలంటే గోలీసోడా కొట్టించుకోవాలి.

గోలీని బొటనవేలితో లోపలికి నొక్కగానే, అప్పటిదాకా కనపడని గ్యాసు బుడగలై తన్నుకొస్తుంది. పైన ఒత్తిడి ఎంత ఉంటే నీటిలో అంత గ్యాసు కరుగుతుందని 1803లో విలియం హెన్రీ చెప్పాడు. భూగర్భజలం కూడా పలుచని సోడాయే. వాననీరు మట్టిలోంచి దిగేటప్పుడు వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలిన కార్బన్ డయాక్సైడును కరిగించుకుంటుంది. మనం పీల్చే గాలిలో అది 0.04 శాతమే. మట్టి సందుల్లోని గాలిలో 1 శాతం ఉండటం మామూలే. అలా కాస్త పులిసిన నీరు దారిలో తగిలిన సున్నాన్ని కరిగించి, కాల్షియం బైకార్బొనేటుగా మోసుకొస్తుంది. గ్యాసు ఉన్నంతసేపే సున్నం కరిగి ఉంటుంది. గ్యాసు పోయిందా, సున్నం మళ్లీ రాయైపోతుంది. బొర్రా గుహల్లో కప్పు నుంచి వేలాడే సున్నపు ఊడలు ఇలా పుట్టినవే. ఒక్కో బొట్టూ గుహ గాలిలోకి గ్యాసు వదిలి, రవ్వంత సున్నం అంటించి పోతుంది.

గుహలో ఇది వేల ఏళ్ల పని. బోరులో ఎందుకంత త్వరగా అవుతుంది? సీసాను మనం ఊపుతున్నాం కాబట్టి.

ఒక లెక్క వేద్దాం. మోటారు ఆపి ఉంచినప్పుడు నీటిమట్టం 6 మీటర్ల లోతున ఉంది. నిమిషానికి 440 లీటర్లు తోడితే 10కి దిగింది. దిగుడు 4 మీటర్లు, అంటే మీటరు దిగుడుకు 110 లీటర్లు. దీన్ని విశిష్ట సామర్థ్యం అంటారు. బోరుకు నాడి ఇదే. నీరు బోరులోకి వచ్చే చిల్లుల పైపు 16 మీటర్ల దగ్గర మొదలవుతుంది, మోటారు 20 దగ్గర ఉంది. చిల్లుల్లో పొర కట్టేకొద్దీ అదే 440 లీటర్ల కోసం మట్టం 11 మీటర్లు దిగాల్సివస్తుంది. నాడి 40కి పడిపోయింది. తోడేటప్పుడు నీరు 17 దగ్గర నిలుస్తుంది గనక పై వరస చిల్లులు గాలిలోకి తేలతాయి. వాటిలోంచి నీరు చిమ్ముతూ, గాలితో కలబడుతూ కిందికి పడుతుంది. సోడా సీసాను ఊపడమంటే ఇదే! గ్యాసు పోతుంది, సున్నం పేరుకుంటుంది, మట్టం ఇంకా దిగుతుంది, ఇంకో వరస చిల్లులు బయటపడతాయి. పైగా సుళ్లు తిరిగే ప్రవాహంలో వృథా అయ్యే దిగుడు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. తెరిచి ఉన్న చోటు సగమైతే ఆ వృథా నాలుగింతలవుతుంది.

ఇప్పుడు వానల్లేని ఏడు వచ్చి, అసలు మట్టమే 6 నుంచి 11కి జారిందనుకోండి. బాగున్న బోరులో నీరు 15 దగ్గర నిలుస్తుంది, మోటారు మునిగే ఉంటుంది. పూడిన బోరులో 22కి దిగాలి, మోటారేమో 20 దగ్గరే ఉంది. గాలి లాగక ఏం చేస్తుంది? కరువు తీసుకున్నది 5 మీటర్లు, సున్నం తీసుకున్నది 7.

కిందటి వేసవిలో ఒక వీధి బోరు మోటారు పైకి తీస్తుంటే వెళ్లి నిలబడ్డాను. ఇనప పైపు మీద తెల్లటి పొర అట్టకట్టి ఉంది. చాకుతో గీస్తే పెచ్చులుగా ఊడింది. ఒక పెచ్చు ఇంటికి తెచ్చి నిమ్మకాయ పిండాను. సుయ్యిమని నురగ! ఆమ్లాల పాఠంలో పిల్లల చేత సమీకరణం బట్టీ పట్టించే బదులు, ఈ పెచ్చునూ ఒక నిమ్మచెక్కనూ బల్లమీద పెడితే ఎంత బాగుంటుంది.

వైద్యం కూడా ఆ నురగలోనే ఉంది. మోటారు తీసి, కెమెరా దింపి చూసి, తీగ బ్రష్షుతో రుద్ది, హైడ్రోక్లోరిక్ లేదా సల్ఫామిక్ ఆమ్లం పోసి కొన్ని గంటలు ఉంచుతారు. సున్నం కరిగి మళ్లీ సోడా అయిపోతుంది. తర్వాత పిస్టన్ లాంటి దిమ్మను పైకీ కిందికీ ఆడిస్తారు. నీరు ఒకసారి బయటికి, ఒకసారి లోపలికి కొట్టుకుంటేనే చిల్లుల వెనక ఒకదానికొకటి ఆనుకుని బిగిసిన ఇసుక రేణువులు విడివడతాయి. చివర కంప్రెసర్‌తో ఆ మురికంతా తోడేస్తారు. మన దగ్గర చాలాచోట్ల ఈ చివరి పని ఒక్కటే చేసి ఫ్లషింగ్ అయిపోయిందంటారు. దానికి ఒండ్రు వస్తుంది గానీ గట్టిపడిన సున్నం కదలదు. ఎర్రటి జిగురు కనిపిస్తే అది ఇనుము బాక్టీరియా, దానికి క్లోరిన్ కావాలి. ఆమ్లం పూర్తిగా తోడేశాకే క్లోరిన్ పోయాలి. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. కేసింగ్, అంటే బోరు గోడ కూలకుండా దింపిన గొట్టం, తుప్పుపట్టి పలచబడిందని కెమెరాలో తేలితే మాత్రం ఆమ్లం జోలికి పోవద్దు.

నురగతో వచ్చే గ్యాసు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. గుంటలో అడుగున నిలుస్తుంది. పాత బావుల్లో దిగినవాళ్లను దెయ్యం లాగేసిందని చెప్పుకునే కథల్లో చాలావాటి వెనక ఇలాంటి ఊపిరాడని గాలే ఉంటుంది. ముందు లాంతరు దింపి చూసిన పెద్దలకు ఆ సంగతి తెలుసు. ఇప్పుడు గ్యాస్ మీటరు లేకుండా ఎవరినీ దింపకూడదు.

అమ్మా, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి కొత్త చోటు చూపించే మనిషిని పిలిచే ముందు, మీ బోరులో టేపు దింపించి నీటిమట్టం కొలిపించండి. మోటారు ఆపి ఒకసారి, గంటసేపు తోడాక ఒకసారి. బోరు వేసిన నాటి కాగితంలో ఉన్న అంకెలతో పోల్చండి. శుభ్రం చేయించాక అదే వేగంతో తోడి మళ్లీ కొలిపించి, ఆ అంకెను తేదీతో సహా మోటారు గది గోడమీద పెయింటుతో రాయించండి.