నీళ్లు ఎక్కడ ఆగాయో గేజి చెబుతుంది

చిరంజీవులకు,

మీ ఉత్తరం చేరింది. ఈత కొలనులోకి నీళ్లు నీరసంగా వస్తున్నాయనీ, క్లోరిన్ తయారుచేసే పెట్టె మీద 'ప్రవాహం లేదు' అనే దీపం వెలుగుతోందనీ రాశారు. ఉప్పు ఎక్కువై గొట్టాలు పూడుకుపోయాయేమో అని చిన్నవాడి అనుమానం. పాపం, ఉప్పుకు ఆ నింద వద్దు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఇళ్లలోని ఉప్పునీటి కొలనుల్లో లీటరుకు 3 గ్రాములే ఉంటుంది. మీ కన్నీళ్లే దానికి మూడు రెట్లు ఉప్పన. ఆ కాస్త ఉప్పూ నీటిలో పూర్తిగా కరిగి ఉంటుంది కాబట్టి గొట్టాలకు అడ్డుపడే మాటే లేదు.

దీపాన్ని కూడా తిట్టకండి. అది కబురు తెచ్చిందే తప్ప తప్పు చేయలేదు. నీరు పారే దారిలో సెల్ అనే భాగం ఉంటుంది, క్లోరిన్ పుట్టేది అందులోనే. దాని లోపలి పలకల మధ్య కరెంటు పారినప్పుడు ఉప్పునీటి నుంచి ఒక పలక దగ్గర క్లోరిన్, మరో పలక దగ్గర హైడ్రోజన్ పుడతాయి. క్లోరిన్ నీటిలో కలిసి క్రిముల పని పడుతుంది. హైడ్రోజన్ బుడగలు మాత్రం పారే నీటితో కొట్టుకుపోవాలి. నీరు కదలకపోతే ఆ మండే వాయువు సెల్‌లోనే పోగవుతుంది. అందుకే గొట్టంలో ఫ్లో స్విచ్ అనే చిన్న కాపలాదారును పెట్టారు. ప్రవాహం చాలదనిపించగానే అది సెల్‌కు కరెంటు అందకుండా చేస్తుంది. దాన్ని ఏమార్చి సెల్‌ను నడిపించే తెలివితేటలు ఎవరైనా చూపబోతే అడ్డుపడండి.

ఈ కబురును నేనూ ఒకసారి తప్పుగా చదివాను. దీపం సెల్‌ది కాబట్టి జబ్బు కూడా సెల్‌దే అనుకున్నాను. దాన్ని విప్పి కడిగాను, బిగించాను, మర్నాడు మళ్లీ విప్పి కడిగాను. మూడో రోజు పంపు ముందున్న బుట్ట మూత తీస్తే దాని నిండా కుళ్లిన ఆకులు! గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకుని రెండు రోజులు తిరిగానన్నమాట. ఫిల్టరు మీది గేజి, అంటే నీటి ఒత్తిడిని ముల్లుతో చూపే గుండ్రటి కొలమానం, ఆ రెండు రోజులూ దాదాపు సున్నా చూపిస్తూనే ఉంది. నేనే దాని వైపు చూడలేదు. అప్పటి నుంచి గేజిని చూడకుండా దేన్నీ ముట్టుకోను.

గేజి భాష తెలియాలంటే నీరు నడిచే దారి తెలియాలి. కొలను గట్టున ఉండి పైన తేలే చెత్తను లాగే స్కిమ్మర్ నోటిలోకి, అడుగున ఉండే జాలీలోకి నీరు దిగుతుంది. అక్కడి నుంచి పంపు ముందున్న బుట్టకు, పంపుకు, ఆ తర్వాత ఫిల్టరుకు వెళుతుంది. హీటరు ఉంటే అది ఫిల్టరు తర్వాత. అన్నిటికీ చివర సెల్, దాని తర్వాత నీటిని తిరిగి లోపలికి వదిలే కొలను గోడల్లోని నాజిళ్లు. సెల్‌ను చివర పెట్టడానికి కారణం ఉంది. అప్పుడే పుట్టిన ఘాటైన క్లోరిన్ నీరు పంపునూ హీటరునూ తినేయకుండా నేరుగా కొలనులోకి పోతుంది. గేజి ఉండేది ఫిల్టరు మీద, అంటే పంపు దాటాక. పంపు నెట్టిన నీటికి ముందున్న దారి ఎంత ఇరుకుగా ఉంటే ముల్లు అంత పైకి లేస్తుంది. పంపుకే నీరు అందకపోతే నెట్టడానికి ఏమీ ఉండదు కాబట్టి ముల్లు కింద పడుతుంది. అంటే నీళ్లు నీరసంగా వస్తూ ముల్లు ఎక్కువ చూపిస్తే అడ్డు పంపు తర్వాత ఉంది. తక్కువ చూపిస్తే పంపులోనో, పంపుకు ముందో ఉంది. సగం దారి వెతకనక్కరలేదని ఒక్క చూపులో తేలిపోతుంది.

'ఎక్కువ', 'తక్కువ' దేనితో పోల్చి? అది ఒక్కో కొలనుకు ఒక్కోలా ఉంటుంది. ఫిల్టరును శుభ్రం చేసిన వెంటనే గేజి చూపే అంకే మీ కొలతకు మొదలు. దాని మీద 8 నుంచి 10 పీఎస్‌ఐ (గేజి మీద ఉండే ఒత్తిడి కొలత) పెరిగితే ఫిల్టరు మురికిపట్టిందని లెక్క. ఇంకో సంగతి, పంపు ఆపినప్పుడు ముల్లు సున్నాకు దిగుతోందో లేదో చూడండి. దిగకపోతే గేజే పాడైంది. దాని సాక్ష్యం చెల్లదు, ముందు దాన్ని మార్చాలి.

ముల్లు తక్కువ చూపిందనుకుందాం. పంపు నీటిని లాగుతుందని మనం అంటాం కానీ, నిజానికి అది చేసేది లోపల కాస్త ఖాళీ కల్పించడమే. నీటిని ఆ ఖాళీలోకి తోసేది కొలను మీద బరువుగా కూర్చున్న గాలి. మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నామని ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి 1644లో ఒక ఉత్తరంలోనే రాశాడు. ఆ గాలి బరువు నీటిని 10 మీటర్లకు కాస్త పైదాకా ఎత్తగలదు, అంతకు మించి ఎంత గొప్ప పంపైనా పైకి లాక్కోలేదు. ఈ తోపుడుకు ఒక హద్దు ఉంది కాబట్టే పంపుకు ముందున్న దారిలో చిన్న అడ్డు కూడా పెద్ద చేటు చేస్తుంది. పెద్ద పంపు కొంటే సరిపోతుందనే సలహా వస్తే నవ్వి ఊరుకోండి. నీరు అందని పెద్ద పంపు లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు శబ్దం చేస్తూ తనను తానే అరగదీసుకుంటుంది.

కాబట్టి అన్నిటికంటే ముందు కొలనులో నీటి మట్టం చూడండి. అది స్కిమ్మర్ నోటికి సగం ఎత్తులో ఉండాలి. దిగిపోతే స్కిమ్మర్ నీటితోపాటు గాలినీ మింగుతుంది. నోటి దగ్గర ఊగే చిన్న తలుపు పైకి ఇరుక్కుపోయినా అంతే. ఆ తర్వాత స్కిమ్మర్ బుట్ట, ఆ తర్వాత పంపు బుట్ట చూడాలి. ఇవన్నీ శుభ్రంగా ఉండి కూడా నాజిళ్ల నుంచి బుడగలు వస్తుంటే, పంపు పారదర్శకపు మూత కింద గాలి ఆడుతుంటే, ఎక్కడో గాలి దూరుతోంది. చిల్లు పడిన స్ట్రాతో తాగబోతే నోట్లోకి గాలే వస్తుంది కదా, అదే ఇది. దాన్ని పట్టుకోవడం నాకు భలే ఇష్టం. పంపు నడుస్తుండగా, మోటారు తడవకుండా, పంపు మూత అంచు మీదా దానికి ముందున్న అతుకుల మీదా ఒక్కొక్కచోటే చెంబుతో నీళ్లు పోయాలి. ఎక్కడ పోసినప్పుడు బుడగలు ఆగాయో అక్కడే దొంగ దాక్కున్నాడు. చాలాసార్లు ఆ దొంగ మూత కింది ఓ-రింగ్ అనే రబ్బరు చుట్టే అవుతుంది. దాన్ని తుడిచి సిలికాన్ గ్రీజు పూస్తే చాలు. పెట్రోలియం జెల్లీ వద్దు, దానికి కొన్ని రకాల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. గాలి కూడా దూరడం లేదంటే పంపు లోపల తిరుగుతూ నీటిని నెట్టే ఇంపెల్లర్ అనే చక్రం సందుల్లో చెత్త ఇరుక్కుని ఉండాలి. అది కరెంటు పూర్తిగా తీసేశాక పెద్దవాళ్లు చేసే పని.

ముల్లు ఎక్కువ చూపితే ఆరా ఫిల్టరుతో మొదలు. ఇసుక ఫిల్టరైతే బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీటిని వెనక్కి పారించి మురికిని బయటికి పంపాలి. అందుకు వాల్వు పిడి తిప్పే ముందు ప్రతిసారీ పంపు ఆపాలి, లేదంటే వాల్వులోని గాస్కెట్ అనే రబ్బరు ముక్క చిరుగుతుంది. మడతల వడపోత గుడ్డ ఉన్న కాట్రిడ్జ్ ఫిల్టరైతే ఆ కాట్రిడ్జ్‌ను బయటికి తీసి మడతల్లోని మురికిని పైపుతో కడగాలి. అది లేకుండా రెండు నిమిషాలు పంపు నడిపిస్తే నీళ్లు మళ్లీ జోరందుకున్నాయా? అయితే కాట్రిడ్జే దోషి. ఫిల్టరు మూత మాత్రం మీరెవరూ ముట్టుకోవద్దు. లోపల గాలి ఒత్తిడి మిగిలి ఉంటే ఆ మూత తుపాకి గుండులా లేస్తుంది. పంపు ఆపి, పైనున్న గాలి వాల్వు తెరిచి, ముల్లు సున్నాకు దిగాకే పెద్దవాళ్లు విప్పాలి. మీరు దూరంగా నిలబడి గేజి చదివి చెప్పండి.

ఫిల్టరులో తప్పు లేకపోతే దాని తర్వాతి వాల్వు ఏదైనా సగం మూసి ఉందేమో చూసి, అప్పుడు సెల్ దగ్గరికి వెళ్లండి. దాని పలకల మీద తెల్లటి సున్నపు పొర పేరుకుంటే నీటికి దారి ఇరుకవుతుంది. హైడ్రోజన్ పుట్టే పలక పక్కన నీటికి క్షారగుణం పెరుగుతుంది, అందుకే నీటిలోని కాల్షియం అక్కడ గట్టిపడి అతుక్కుంటుంది. దాన్ని ఇనుప ముక్కతో గీకితే టైటానియం పలకల మీది విలువైన పూత ఊడిపోతుంది. నాలుగు వంతుల నీటిలో ఒక వంతు ఆమ్లం కలిపి అందులో కాసేపు ఉంచితే పొర పొంగి కరుగుతుంది. నీటిలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీరు ఎప్పుడూ పోయకూడదు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు ఉన్న పెద్దవాళ్ల పని ఇది.

అన్ని నాజిళ్లూ బాగుండి ఒక్కటే నీరసంగా ఉంటే ఇంత తిరుగుడు అక్కరలేదు, ఆ ఒక్కదాని మూతిలోనే ఏదో ఇరుక్కుంది. వేగం మార్చుకునే పంపైతే, రాత్రిపూట నెమ్మదిగా నడిచేలా ఎవరైనా పెట్టారేమో కనుక్కోండి. ఆ నెమ్మదికి కూడా ఫ్లో స్విచ్ దీపం వెలిగిస్తుంది, అప్పుడు చెడిపోయింది ఏదీ లేదు.

కొలను అడుగున ఉన్న జాలీ విరిగినా, వదులైనా ఎవరూ నీళ్లలోకి దిగవద్దు. అక్కడి లాగుడుకు జుట్టు చిక్కితే పెద్దవాళ్లకు కూడా విడిపించడం కష్టం. ముందు పంపు ఆపించండి.

నాకు ఇప్పుడు రెండు అంకెలు కావాలి. ఈ పూట పంపు నడుస్తుండగా గేజి ఎంత చూపుతోందో ఒకటి, ఆపాక ఎంత చూపుతోందో ఇంకొకటి. వీటితో పాటు నాజిళ్ల దగ్గర బుడగలు ఉన్నాయో లేవో కూడా రాయండి. ఫిల్టరు శుభ్రం చేయించిన రోజున వచ్చే అంకెను చెరగని సిరాతో ఫిల్టరు డొక్క మీదే రాసి పెట్టండి. అక్షరాలు వంకరపోయినా ఫరవాలేదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య