చెరువు గట్టు కోసం ఎవరిని పిలవాలి

శ్రీకాకుళం

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

పలాస పక్కనున్న మీ ఊరి చెరువు గట్టుకు ఎవరో కంచె వేశారని, అది తీయించమని కలెక్టరు గారికి అర్జీ పెట్టబోతున్నామని మీరు రాసినందుకు చాలా సంతోషించాను. అయితే సంతకాలు చేసేవారని మీరు పంపిన జాబితాలో జీడి పిక్కలు కొట్టే ఇళ్లవారు గానీ, గొర్రెలు కాసేవారు గానీ ఒక్కరూ కనిపించలేదు.

కంచె వల్ల మీకు ఆటస్థలం పోయింది. వారికి గొడ్లు నీళ్లు తాగే రేవు, బట్టలుతికే బండ, పొయ్యిలోకి ఏరుకునే పుల్లలు, వేసవి సాయంత్రం ఇరుకింట్లోంచి బయటపడి పిల్లలతో గాలికి కూర్చునే చోటు అన్నీ ఒక్కసారే పోయాయి. కారున్నవారు కళింగపట్నం తీరానికో, తేలినీలాపురం కొంగల దగ్గరకో వెళ్లగలరు. కూలి ఇంటి పిల్లకు మాత్రం నడిచి వెళ్లగలిగిన చెరువు ఒక్కటే ఉంటుంది. అందుకే ఈ విషయంలో మొదటి మాట వారిదే కావాలని నా అభిప్రాయం.

ఇది మన జిల్లాకు కొత్త కాదు. సోంపేట దగ్గర బీల అనే తడినేలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వస్తుందన్నప్పుడు అడ్డుపడినవారు ఆ తడినేల మీద ఆధారపడి బతికే రైతులు, మత్స్యకారులు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ తరువాత కూడా వారు ఏళ్ల తరబడి రిలే దీక్షలు సాగించారు. పేదవారికి ప్రకృతి గొడవ పట్టదని ఎవరైనా అంటే నాకు బాధ కలుగుతుంది.

మరి మీ ఊరి పేదవారు అర్జీ కోసం మీరు పెట్టిన సమావేశానికి ఎందుకు రాలేదంటారా? మీరు పెట్టింది పగలు పదకొండు గంటలకు. పిక్కలు కొట్టేవారికి కూలి కిలోల లెక్కన వస్తుంది. లేచి వచ్చినంతసేపూ కూలి పోయినట్టే. "నానొస్తే ఈ పూట ఏటి తింటాం బాబూ" అని అడిగితే మీ దగ్గర జవాబుండదు. జీడి నూనె అంటి నల్లబడి, పొక్కిన వేళ్లతో రాత్రి ఇంటికి వచ్చి వండిపెట్టుకున్నాక, వారి వీధి అరుగు మీదికి మీరే వెళ్లాలి. వెళ్లి ఉపన్యాసం చెప్పకండి; రేవు ఎక్కడుండేది, దారి ఎటు పోయేదని అడిగి, వారన్నది అన్నట్టే రాసుకోండి. "పర్యావరణ పరిరక్షణ" అనే మాట కంటే "మా గొడ్ల రేవు మూసేశారు" అన్న వాక్యమే అర్జీకి బలం.

భయం కూడా ఉంటుంది. కంచె వేసినవారి పొలంలోనే పనికి వెళ్లే మనిషిని ముందు వరుసలో నిలబెట్టడం అన్యాయం. ఒకరి పేరు మీద కాకుండా గ్రామసభలో అందరి తీర్మానంగా పెట్టించండి. సంతకం రానివారి వేలిముద్ర కూడా సంతకమంత చెల్లుతుందని చెప్పండి.

చట్టం వారివైపు ఉందని కూడా తెలియజేయాలి. ఆక్రమణకు గురైన గ్రామ ఉమ్మడి భూములను ఖాళీ చేయించి తిరిగి గ్రామానికి అప్పగించేందుకు పథకం తయారుచేయాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ గట్టు రికార్డుల్లో ఎవరి పేరున ఉందో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాలకు దానికి రుసుము లేదు. వ్యవహారం కోర్టుకెక్కితే 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవారికి, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

అర్జీ ఇచ్చే రోజున వారిలో ఇద్దరైనా కలెక్టరాఫీసుకు రావాలి. బస్సు చార్జీ, ఆ రోజు కూలి మనం పోగుచేసి ముందే చేతిలో పెట్టాలి. దానికి నా వంతు పంపుతాను. అక్కడ మాట్లాడేది వారే, మీరు పక్కన నిలబడి రశీదు తీసుకోండి. ఈ వారంలోనే ఒక పెద్దవారిని వెంటబెట్టుకుని ఆ వీధికి వెళ్లి, వారేమన్నారో నాకు వివరంగా రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య