హైదరాబాద్ ఫ్లాట్ల ధరల పరుగు ఎందుకు ఆగింది: ఇరవై ఏళ్ల నేపథ్యం

కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు ఫ్లాటు కొన్నవాళ్లు 2021, 2022లో ఎప్పుడు రేటు కనుక్కున్నా అంతకు ముందు కంటే ఎక్కువే చెప్పేవారు. 2023 చివరి నుంచి ఆ జోరు లేదు. ధరలు కూలలేదు గానీ అమ్మేవాళ్లు చెప్పే రేటు మీద బేరం మళ్లీ మొదలైంది. ఎన్నికలని ఒకరు, చెరువుల్లో కట్టడాలు కూల్చే హైడ్రా సంస్థ అని ఇంకొకరు, వడ్డీ రేట్లని మరొకరు కారణం చెబుతున్నారు. మూడింటి ప్రభావమూ ఉంది. అసలు సంగతి మాత్రం ఇంకా వెనక ఉంది. ఈ నగరంలో ఇన్ని టవర్లు లేవడానికి పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే తప్ప ఇప్పటి నిలకడ అర్థం కాదు.

2006 మార్చి 3 నాటి జీవో 86 దగ్గర మొదలుపెట్టాలి. మిగతా పెద్ద నగరాల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లకు మించి కట్టకూడదని ఎఫ్‌ఎస్‌ఐ హద్దు ఉంటుంది. హైదరాబాద్‌లో ఆ జీవోతో అది పోయింది. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, అగ్నిమాపక, విమానాశ్రయ అనుమతులు కుదిరితే ఎత్తుకు వేరే అడ్డు లేదు. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. అయితే ఫలితం వెంటనే కనిపించలేదు. 2008 మాంద్యం, 2009 జనవరిలో సత్యం కుంభకోణం, ఆ డిసెంబరు నుంచి రాష్ట్ర విభజన అనిశ్చితి వరసగా వచ్చి 2014 దాకా మార్కెట్‌ను అణిచి ఉంచాయి. ఆ తర్వాత గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులు నిండుతుంటే, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా భూమికి రెక్కలొచ్చాయి.

ఎత్తుకు హద్దు లేనప్పుడు భూమి ధరకూ హద్దు ఉండదు. కోకాపేటలో నియోపొలిస్ అనే ప్రభుత్వ లేఅవుట్ వేలంలో 2021 జులైలో ఎకరం అత్యధికంగా 60.2 కోట్లు పలికింది. 2023 ఆగస్టులో అక్కడే 100.75 కోట్లకు చేరింది. ఎకరంలో 5 లక్షల చదరపు అడుగులు కడతారనుకుంటే, వంద కోట్ల భూమి ఖర్చు అడుగుకు 2,000 రూపాయలు పడుతుంది. సిమెంటు, ఇనుము, లిఫ్టులు, వడ్డీ, లాభం దాని మీద వచ్చి చేరతాయి. ఒక్క వేలం కబురు చాలు, చుట్టుపక్కల ఊళ్లలో రైతు నుంచి పాత అపార్ట్‌మెంట్ యజమాని దాకా అందరూ రేటు సవరించుకున్నారు.

ఇంత ఖరీదైన భూమికి డబ్బు కావాలి. అనుమతులు లేని స్థలం మీద బ్యాంకు అప్పు పుట్టడం కష్టం, బయట వడ్డీ భరించలేరు. అక్కడ పుట్టిందే ప్రీలాంచ్. బిల్డరు భూయజమానితో ఒప్పందం రాసుకుంటాడు, కొంత అడ్వాన్సు ఇస్తాడు, ప్లాను అనుమతి రాకముందే జనానికి అమ్మేస్తాడు. మొత్తం డబ్బు ఒకేసారి కడితే అడుగు రేటు బాగా తక్కువ. కొన్నవాళ్ల చేతికి వచ్చేది ఒక ఎంఓయూ (అవగాహన ఒప్పందం) కాగితం, లేదంటే యూడీఎస్ రిజిస్ట్రేషన్, అంటే కట్టబోయే ఫ్లాటుకు బదులు స్థలంలో విడదీయని కొన్ని గజాల వాటా.

ఇది ఎక్కడ తెగుతుందంటే, మొదటి ప్రాజెక్టు డబ్బు రెండో చోట భూమి అడ్వాన్సుగా వెళుతుంది, రెండోదాని వసూళ్లతో మొదటిదాని పునాది తవ్వుతారు. కొత్త బుకింగులు రావడం ఆగిన నెలలో రెండూ ఆగుతాయి. యూడీఎస్ చేతిలో ఉన్నా ధీమా లేదు. ఒకే సర్వే నంబరులో వందల మంది వాటాదారులైతే, ప్లాను మార్చాలన్నా, ఇంకో బిల్డరును తేవాలన్నా, అప్పు పుట్టించాలన్నా అందరి సంతకాలూ కావాలి. విదేశాల్లో ఉన్న పది మంది పలకకపోతే చాలు, పని అక్కడే నిలుస్తుంది.

చట్టం లేక జరిగింది కాదిది. స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా కింద 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటించకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. ఉల్లంఘిస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా. వసూలైన డబ్బులో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉండాలి. తెలంగాణ నిబంధనలు 2017 జులైలోనే వచ్చాయి. కానీ వాటిని అమలు చేసే పూర్తిస్థాయి అథారిటీ ఏర్పడింది 2023 జూన్‌లో. ఆ ఆరేళ్లు ఇన్‌ఛార్జి అధికారులతో నెట్టుకొచ్చారు, సరిగ్గా ప్రీలాంచ్ విరగబడి సాగిన కాలమది. ఈ జాప్యానికి మూల్యం చెల్లించింది జీవితాంతం కూడబెట్టిన సొమ్ము కట్టినవాళ్లే.

ఇక కొనేవాళ్ల వైపు చూస్తే, భూ రికార్డుల పోర్టల్ ధరణి కోసం 2020 సెప్టెంబరు 8న ఆపిన రిజిస్ట్రేషన్లు వ్యవసాయేతర ఆస్తులకు డిసెంబరులో గానీ తెరుచుకోలేదు. ఆగిన కొనుగోళ్లన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. అప్పట్లో రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీ, 4 శాతం, ఇంటి అప్పు 6.7 శాతం దగ్గర. 50 లక్షల అప్పుకు ఇరవై ఏళ్లకు ఈఎంఐ సుమారు 37,900 రూపాయలు. 2023 ఫిబ్రవరికి రెపో 6.5 శాతమైంది. అప్పు 8.75కి వచ్చేసరికి అదే ఈఎంఐ 44,200 అయింది. మధ్యలో 2021 జులై 22 నుంచి రిజిస్ట్రేషన్ ఖర్చు 6 నుంచి 7.5 శాతానికి పెరిగింది, ప్రభుత్వ మార్కెట్ విలువలు ఆరేడు నెలల్లో రెండుసార్లు సవరించారు. 2024 జులైలో హైడ్రా ఏర్పడి చెరువుల్లో కట్టడాలు కూల్చడం మొదలుపెట్టాక కొనేవాళ్లు ముందు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు గురించి అడగసాగారు. 2025లో రెపో తగ్గినా ప్రీలాంచ్‌లో డబ్బు పెట్టేవాళ్లు మళ్లీ రాలేదు. ఒకసారి పోయిన నమ్మకం వడ్డీ తగ్గినంత మాత్రాన రాదు.

అందుకే ఇప్పుడు కళ్ల ముందున్న ఇంటికే విలువ. ఓసీ (కట్టడం పూర్తయ్యాక ఇచ్చే నివాస అనుమతి) వచ్చిన ఫ్లాటుకు జీఎస్టీ లేదు. కడుతున్నదానికి 5 శాతం, అంటే కోటి మీద 5 లక్షలు. 45 లక్షల లోపు చిన్న ఫ్లాట్లకైతే 1 శాతం. రిజిస్ట్రేషన్ 7.5 శాతం రెండింటికీ తప్పదు. పాత ఫ్లాటుకు ఇంకో బలం ఉంది. వెయ్యి గజాల్లో 20 ఫ్లాట్లుంటే ఒక్కోదానికి 50 గజాల వాటా వస్తుంది. ఎకరంలో 250 ఫ్లాట్ల టవర్లో సుమారు 19 గజాలే. ముప్పై ఏళ్ల తర్వాత కట్టడానికి విలువ తగ్గినా ఆ గజాలకు ఉంటుంది.

కొత్త ప్రాజెక్టులో చూడాల్సినది ఒకటి చాలామంది వదిలేస్తారు. బిల్డరు మొత్తం కట్టుబడిలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థకు పూచీగా రాసిస్తాడు, ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. ఏ అంతస్తు, ఏ ఫ్లాట్లు అలా ఉన్నాయో అనుమతి పత్రంలో ఉంటుంది. మీ ఫ్లాటు అందులో ఉందేమో చూడండి. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి అడిగితే ఇవ్వక్కర్లేదు. చెరువు దగ్గరైతే సర్వే నంబరును ఉపవిభాగంతో సహా హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల పటంతో పోల్చుకోవాలి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టకూడని ఖాళీ.

అమ్మేవాళ్లకు చిక్కు ఎక్కువగా అప్పు దగ్గర వస్తోంది. అప్పు తీరిపోతుంది, నో డ్యూ లెటరూ వస్తుంది, కానీ అప్పు తీసుకున్నప్పుడు తాకట్టుగా రాసిన టైటిల్ డీడ్ల డిపాజిట్ పత్రాన్ని సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రద్దు చేయించరు. ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే పత్రం) తీస్తే తాకట్టు అలాగే కనిపిస్తుంది, కొనేవాళ్ల బ్యాంకు చెక్కు ఆపేస్తుంది. రిలీజ్ డీడ్ రిజిస్టర్ అయ్యాకే బేరానికి కూర్చోవడం మంచిది. ఒరిజినల్స్‌ను అప్పు తీరిన 30 రోజుల్లో బ్యాంకు ఇవ్వాలి. ఆలస్యానికి తనే కారణమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది.

ధర 50 లక్షలు, ఆపైన అయితే కొన్నవాళ్లే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే మినహాయించే పన్ను) పట్టి కట్టాలి. అమ్మేది అమెరికాలోనో దుబాయిలోనో ఉన్న ఎన్నారై అయితే ఈ 1 శాతం లెక్క పనికిరాదు. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, దానిపై సర్‌ఛార్జి, సెస్సు పడతాయి. తక్కువ పట్టుకునేలా ఆదాయపు పన్ను అధికారి నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం అమ్మకం ధర మీదే పట్టుకునే పరిస్థితి వస్తుంది. ఆ సర్టిఫికెట్‌కు వారాలు పడుతుంది గనుక బయానా తీసుకున్న వెంటనే దరఖాస్తు పెట్టుకోవాలి, అగ్రిమెంటు గడువులో ఆ వారాలు కూడా కలుపుకోవాలి.