రెండో ఆయన ఏం చేస్తున్నాడు?

చి॥ సహస్రకు, చి॥ విహాన్‌కు,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నాయనమ్మా నేనూ క్షేమం. ఏరువాక పున్నమి వెళ్ళింది. దుక్కికి సరిపడా పదును వాన పడింది.

మొన్న ఫోన్‌లో విహాన్ ఒక ప్రశ్న వేశాడు. "తాతయ్యా, నాన్న పెట్టిన వీడియోలో ఒకాయన పాడుతున్నాడు. రెండో ఆయన టోపీ, నల్ల కళ్ళజోడు పెట్టుకొని కీబోర్డు వెనకాల ఊరికే నిలబడ్డాడు. నవ్వడు, కదలడు. మరి ఆయనెందుకు?" అని. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని అప్పుడు ఆగాను. ఇప్పుడు నింపాదిగా చెప్తాను. ఇద్దరూ కూర్చుని చదవండి, కష్టమైన చోట నాన్నను చదివి పెట్టమనండి.

పాడే ఆయన నీల్ టెనంట్. నిలబడ్డ ఆయన క్రిస్ లో. ఇద్దరూ ఇంగ్లండు పాప్ పాటల జంట, కలిపి పెట్ షాప్ బాయ్స్ అంటారు. మీ లండన్‌లోనే, ఈలింగ్‌లో, పెంపుడు జంతువుల కొట్లో పనిచేసే స్నేహితులు వాళ్ళకుండేవారు. వాళ్ళను చూసి పెట్టుకున్న పేరది. మీ నాన్న విశాఖలో చదువుకునే రోజుల్లో వీళ్ళ క్యాసెట్ ఒకటి సెలవులకు ఇంటికి తెచ్చాడు. ఆ వేసవంతా మన అరుగు మీద అదే మోగింది. మాటలు నాకు సగమే అందేవి. కానీ గొంతులో ఏదో దిగులు, దాని కింద వాయించే దాంట్లో కాళ్ళు ఆగనివ్వని హుషారు, రెండూ ఒక్కసారే వినపడేవి. అలాంటి పాట అంతకు ముందు నేను వినలేదు.

ఇక ప్రశ్న సంగతి. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక జత ఎద్దులుండేవి. తెల్లోడు, ఎర్రోడు. తెల్లోణ్ణి ఎలపట కట్టేవాళ్ళు, అంటే కుడివైపు. ఎర్రోణ్ణి దాపట, ఎడమవైపు. తెల్లోడు పొడుగు, కొమ్ములు తీర్చి పెట్టినట్టుండేవి. మెడలో గంటలు కట్టి వీధిలో నడిపిస్తే అరుగుల మీద వాళ్ళు మాటలాపి చూసేవాళ్ళు. కనుమ నాడు పిల్లలమంతా వాడి కొమ్ములకే రంగులు పూసేవాళ్ళం. ఎర్రోడి వంక ఎవరూ చూసేవాళ్ళు కాదు. తల వంచుకొని నెమరేసుకుంటూ ఉండేవాడు. "నాన్నా, ఎర్రోణ్ణి అమ్మేసి తెల్లోడి లాంటి ఇంకోణ్ణి కొందాం" అని నేను పోరు పెట్టాను. మా నాన్న ఏమీ అనలేదు. ఆ ఏడే ఎర్రోడి గిట్టలో ముల్లు విరిగి పుండు పడింది. పొరుగింటి ఎద్దును తెచ్చి తెల్లోడి పక్కన కాడి కట్టారు. బలమైన ఎద్దే. అయినా నాగటి చాలు తిన్నగా పోయింది లేదు. తెల్లోడు నాలుగడుగులు వేస్తాడు, ఆగి పక్కకు చూస్తాడు. గట్టు దగ్గర తిరిగేటప్పుడల్లా అదిలించీ అదిలించీ మా నాన్న గొంతు బొంగురుపోయింది. ఎర్రోడుంటే ఆ మలుపులో నోరు విప్పే పనే ఉండేది కాదు. సాయంత్రం కాడి విప్పుతూ నాతో అన్నాడు, "చూశావుగా, నడక వాడిదిరా" అని.

విహాన్ నాన్నా, క్రిస్ అంటే మా దాపటి ఎద్దు అనుకో. మాటలు ఎక్కువగా నీల్ రాస్తాడు, పాడేది ఆయనే, పత్రికల వాళ్ళతో మాట్లాడేదీ ఆయనే. పాటకు బాణీ, తాళం, కీబోర్డు మీద వరసలు, ఇవన్నీ ఇద్దరూ కలిసి కట్టుకునేవి. నీకు ఊరికే నిలబడ్డట్టు కనపడింది, ఆ నిలబడడం వాళ్ళు కావాలని ఎంచుకున్నదే. 1980లలో టీవీలో పాడేవాళ్ళంతా గెంతుతూ, నవ్వుతూ, చేతులూపుతూ ఉండేవాళ్ళు. మనం అలా చేయొద్దనుకున్నారు వీళ్ళు. బడిలో నలుగురు కలిసి చేసే పని వచ్చినప్పుడు, ముందు నిలబడి చెప్పే పిల్లవాడికే కాకుండా అట్టలు కత్తిరించిన పిల్లకు కూడా చప్పట్లు కొట్టండి. అలవాటు చేసుకుంటే వస్తుంది.

వాళ్ళ కాడి కలిసిన తీరు కూడా చిత్రమే. 1981లో లండన్ కింగ్స్ రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో ఒకరికొకరు తారసపడ్డారు. ఎవరూ పరిచయం చేయలేదు, మాటల్లో మాట కలిసింది. నీల్‌కి అప్పటికి 27, క్రిస్‌కి 21. ఒకాయన పుస్తకాలు, పత్రికల పనిలో ఉన్నాడు. ఇంకొకాయన లివర్‌పూల్‌లో ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు. 'వెస్ట్ ఎండ్ గర్ల్స్' అనే పాటను 1984లో మొదటిసారి వదిలితే ఇంగ్లండులో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మళ్ళీ రికార్డు చేసి వదిలారు. 1986 జనవరిలో అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది, మే నెలలో అమెరికాలో కూడా. ఒకసారి దున్ని మొలక రాలేదని ఆ చేను వదిలేయలేదు వాళ్ళు.

ఇప్పుడు నాన్న మీకు వినిపిస్తున్నది 'నన్‌దిలెస్' అనే ఆల్బమ్. 2024 ఏప్రిల్ 26న వచ్చింది. వాళ్ళ 15వ స్టూడియో ఆల్బమ్ అది, పది పాటలు. దీనికి ముందు మూడు ఆల్బమ్‌లు స్టూవర్ట్ ప్రైస్ అనే ఆయన చేతుల మీదుగా వచ్చాయి, ఎక్కువగా యంత్రాల మోతతో. ఈసారి జేమ్స్ ఫోర్డ్ అనే ఇంకో నిర్మాతను పిలిచారు. ఆర్కెస్ట్రా పెట్టి తంత్రీ వాద్యాలు నిండుగా వాయించారు. చేనికి కొత్త ఆసామి వచ్చాడన్నమాట, మేడి పట్టే చెయ్యి మారింది, జత మారలేదు. నాకు ఇందులో బాగా నచ్చింది 'న్యూ లండన్ బాయ్'. ఉత్తరాది నుంచి లండన్‌కి కొత్తగా వచ్చిన కుర్రవాడు బెదురుతూ, మురుస్తూ తిరగడం అందులో ఉంది. మీ నాన్న హీత్రూ విమానాశ్రయంలో దిగిన రోజు నాకు చేసిన ఫోన్ గుర్తొచ్చింది. ఆ ఆల్బమ్ వచ్చేనాటికి నీల్‌కి 70 నిండవస్తున్నాయి. ఆ వయసులో కూర్చుని ఇరవై ఏళ్ళ లోపు బెదురును అంత పచ్చిగా గుర్తు చేసుకోవడం సులువు కాదమ్మా. నేను ఈ ఉత్తరం రాస్తూ ప్రయత్నిస్తున్నాను కాబట్టి చెప్తున్నాను.

ఇక దాన్ని లోకం ఎలా తీసుకుందన్నది సహస్ర అడిగింది కదా, "హిట్టా తాతయ్యా?" అని. బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో రెండో స్థానానికి వెళ్ళింది. 1993లో వచ్చిన వాళ్ళ 'వెరీ' ఆల్బమ్ మొదటి స్థానం అందుకుంది. దాని తర్వాత అంత పైకి వెళ్ళింది ఇదే. పైనున్నది ఎవరో సహస్రకు నేను చెప్పక్కర్లేదు, తన గది గోడ మీద బొమ్మ ఉన్న అమెరికా గాయని టేలర్ స్విఫ్టే. ఆ అమ్మాయి 1989 డిసెంబరులో పుట్టేనాటికే వీళ్ళవి మూడు స్టూడియో ఆల్బమ్‌లు బయటికొచ్చేశాయి! మన వైపు బండలాగుడు పోటీల్లో ఎద్దుల పళ్ళు చూసి విభాగాలు చేస్తారు. పాలపళ్ళవి వేరు, రెండు పళ్ళవి వేరు, ఆరు పళ్ళవి వేరు. ముసలి జతను కుర్ర జత పక్కన నిలబెట్టరు. అక్కడి పట్టికలో ఆ దయ లేదు. అప్పటికి 69 ఏళ్ళ ఆయన, 64 ఏళ్ళ ఆయన, 34 ఏళ్ళ అమ్మాయి, అందరికీ ఒకటే బండ, ఒకటే గీత.

విమర్శకులు చాలామంది మెచ్చుకున్నారు. ఇటీవలి వాళ్ళ మంచి ఆల్బమ్‌లలో ఒకటన్నారు. పాత దారిలోనే నడిచారు, కొత్తదనం తక్కువ అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ రెండో మాట నాకు మింగుడు పడలేదు. ఏటా అదే చేను, అదే కాడి. అంతమాత్రాన ఈ ఏటి పంట పాతదవుతుందా? "ఈ వయసులో ఇంత బాగా చేశారు" అనే మెచ్చుకోలు కూడా నాకు నచ్చదు. పాట బాగుంటే బాగుందనాలి. పళ్ళు లెక్కపెట్టడం ఎందుకు?

ఇంకొక్క పాట గురించి చెప్పి ముగిస్తాను. 'డాన్సింగ్ స్టార్' అని ఉంటుంది. అది రుడాల్ఫ్ నురేయెవ్ అనే బ్యాలే నాట్యకారుడి మీద కట్టింది. 1938లో సైబీరియా దారిలో పోతున్న రైల్లో పుట్టాడు. అప్పటి సోవియట్ రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నుంచి కిరోవ్ అనే నాట్య బృందంతో పారిస్ వచ్చి, 1961 జూన్‌లో అక్కడి లె బూర్జే విమానాశ్రయంలో, వెనక్కి మాస్కో పంపబోతుంటే, నేను వెళ్ళను, ఇక్కడే ఉంటానని ఫ్రెంచి పోలీసుల దగ్గరికి వెళ్ళిపోయాడు. అప్పుడతనికి 23 ఏళ్ళు. అమ్మను మళ్ళీ చూడడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. ఇంత బరువైన కథను వీళ్ళు గెంతుతూ పాడుకునే పాటగా ఎందుకు కట్టారో వివరిద్దామని కూర్చున్నాను గానీ, నా వల్ల కావడం లేదు. అతని పాత ఫిల్ములు మాత్రం చూశాను. ఎగిరిన మనిషి వెంటనే దిగడు. పైన కాసేపు ఉంటాడు. నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూసినా అదెలాగో నాకు అంతుపట్టలేదు. నాన్ననడిగి ఆ ఫిల్ము పెట్టించుకొని, మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని చూడండి. మీకేమైనా తెలిస్తే నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య