మైకులో మాట, చేతిలో పుస్తకం

మార్చి వచ్చిందంటే కోనసీమలో పదో తరగతి పిల్లలున్న ఇళ్లన్నిటా ఒకటే టెన్షన్. పరీక్షలూ అప్పుడే, ఊళ్లో తీర్థాలూ జాతర్లూ అప్పుడే. సాయంత్రం ఆరింటికి మైకు మొదలవుతుంది. పాటలు కాసేపే. ఆ తర్వాత చందాలు: ఫలానా వీధి, ఫలానా వారి అబ్బాయి, అయిదు వందల పదహార్లు. పిల్లాడు లెక్క మధ్యలో తలెత్తితే "మనసు పుస్తకం మీదుంటే మైకెందుకు వినబడుతుందిరా?" అని ఇంట్లో కసురుతారు.

శాస్త్రం కూడా మొదట్లో దాదాపు ఇలాగే అనుకుంది. 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త కోలిన్ చెర్రీ మనుషుల రెండు చెవుల్లో రెండు వేర్వేరు మాటల ప్రవాహాలు వినిపించి, ఒకదాన్ని వెంటవెంటనే పైకి చెప్పమన్నాడు. రెండో చెవిలో ఏం వచ్చిందో వాళ్లు చెప్పలేకపోయారు. పట్టించుకోని మాట లోపలికి వెళ్లదనిపించింది.

1959లో నెవిల్ మోరే ఆ రెండో చెవిలో వినేవాళ్ల పేర్లే పలికించాడు. సుమారు మూడో వంతు మంది ఠక్కున పట్టేశారు. మరుసటి ఏడాది ఆన్ ట్రీస్మన్ ఒక చెవిలో విని పైకి చెబుతున్న కథను మధ్యలో రెండో చెవికి మార్చితే, కొందరు తమకు తెలియకుండానే కథ వెంట ఒకటి రెండు మాటల దూరం వెళ్లిపోయారు. వద్దన్న చెవిలోని అర్థాన్ని మెదడు తూచి చూస్తోందన్నమాట!

1980లో మార్టా కూటస్, స్టీవెన్ హిల్యార్డ్ మెదడు విద్యుత్తును కొలిచారు. "అన్నంలో నెయ్యి వేసుకుని మేజోళ్లు కలిపాడు" లాంటి వాక్యం చదివినప్పుడు, పొసగని మాట ఎదురైన 400 మిల్లీసెకన్ల ప్రాంతంలో ప్రత్యేకమైన తరంగం కనిపించింది. విన్న మాటలకూ అంతేనని తర్వాత తేలింది. అర్థం చేసుకోవాలని మనం అనుకునేలోపే ఆ పని మొదలైపోతుంది.

చదువుకు నేరుగా తగిలేది 1988లో అచ్చయిన ప్రయోగాల సంగతి: చదివింది బుర్రకెక్కకుండా అర్థంలేని శబ్దాలకన్నా అర్థమయ్యే మాటలే ఎక్కువ అడ్డుపడ్డాయి. కాలవ గట్టున ఇంజను మోతలో చదివే పిల్లాడు, తన వీధి పేరు మైకులో వినగానే ఆగిపోవడానికి కారణం ఇదే. అది బద్ధకం కాదు.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకును ఆపుతాయి. ఇళ్ల మధ్య పగటి పరిమితి 55 డెసిబెల్స్. అవి మోతను కొలుస్తాయి, మాటను కాదు. పిల్లలు చదివేది ఏడు నుంచి పది దాకా. పరీక్షలయ్యేవరకు ఆ మూడు గంటలూ చందాల పట్టీని గుడి దగ్గర బోర్డు మీద రాసి పెడితే చాలు, సన్నాయి మోగినా ఫర్వాలేదు.